పప్పు డబ్బాలో చీటీ

అలా నవ్వకండి. ఫోటోలో మీరెప్పుడూ నవ్వుతూనే ఉంటారని తెలుసు, మీరు పోయిన ఈ ఏడాదిగా చూస్తూనే ఉన్నా. కానీ ఇవాళ ఆ నవ్వు నా మీదే అనిపిస్తోంది.

ముందు గది గోడ మీంచి దింపి, ఈ వంటింట్లోకి తెచ్చి, ఉప్పు డబ్బాకి ఆనించానంటే ఊరికే తెచ్చానా? మీ చోటు ఇదే కదండీ! పొయ్యి వైపు చూస్తూ ఉండండి. పప్పు పొంగితే కేకెయ్యండి.

సర్లెండి. వెయ్యలేరు. నాకు తెలీదా?

ఎంత ఇరకాటంలో పెట్టి వెళ్ళారండీ నన్ను! నలభై నాలుగేళ్ళు పప్పు మీరు వండారు. పేరు నాకు కట్టబెట్టారు. ఎలా వండాలో ఒక్క ముక్క చెప్పకుండా చక్కా వెళ్ళిపోయారు. ఇప్పుడేమైందో తెలుసా? కోడలికి పది రోజులుగా జ్వరం. ఆస్పత్రి నిండా రోగులకి మందులిచ్చే నర్సమ్మ, తను మాత్రం మంచినీళ్ళు కూడా మింగలేకపోతోంది. జావ వద్దంది, రొట్టె వద్దంది. ఇవాళ పొద్దున్న కళ్ళు తెరిచి, "అత్తయ్యా, మీ చేతి పప్పన్నం రెండు ముద్దలు తినాలనుంది" అంది.

నా చేతి పప్పన్నం! విన్నారా?



అసలిదంతా ఎక్కడ మొదలైంది? నేను కాపురానికొచ్చిన మూడో రోజున. పప్పు అడుగంటించి నిలబడి ఏడుస్తుంటే మీరు కుట్టు మిషను దిగొచ్చారు. గిన్నె మార్చారు, ఏదో చేశారు. మిషను చప్పుడు ఆగేసరికి అవతల గదిలోంచి అత్తగారు, "ఏరా, చేతులు పడిపోయాయా?" అని అరిచారు. మీరు నా చెవిలో, "వెళ్ళి తొక్కు" అన్నారు.

తొక్కా! దారం లేదు, గుడ్డ లేదు, ఉత్త మిషను తొక్కా. ఆ మధ్యాహ్నం అత్తగారు వేళ్ళు నాక్కుంటూ, "కోడలి చెయ్యి మంచిదిరా" అన్నారు. మీరు కంచంలోకి చూస్తూ తలూపారు. అంత అమాయకపు మొహం ఎలా పెట్టారండీ?

రోజూ ఉత్తినే తొక్కడం ఎందుకని నేనో గుడ్డముక్క పెట్టా. తర్వాత రెండు. తర్వాత జాకెట్టే కుట్టేశా. మీరు కత్తిరించడం, నేను కుట్టడం, మీరు వండటం. అత్తగారు పోయాక మానెయ్యొచ్చు కదా అంటే, ఎందుకు మానతాం? ఇద్దరికీ హాయిగా ఉంది. అబ్బాయి బడికెళ్ళాక తలుపు గడియపెట్టి చోట్లు మార్చుకునేవాళ్ళం. ఎంత దొంగలమండీ మనం!

"మాస్టారూ, మీ కుట్టంటే కుట్టే" అని ఆడవాళ్ళు పొగిడితే మీరు నేల చూపులు చూసేవారు. "పప్పు అదిరిందమ్మా" అంటే నేను సిగ్గుపడి తల దించుకునేదాన్ని. చూసినవాళ్ళు ఎంత వినయమో అనుకునేవాళ్ళు.

ఉండండి, మూత జరిపొస్తా. ఆఁ, నురగొస్తోంది.

మీరు పోయిన పదిహేను రోజులకి పప్పు డబ్బాలో చెయ్యి పెడితే అడుగున మడతపెట్టిన చీటీ తగిలింది. మీ రాతే. నా ప్రాణం లేచొచ్చింది. పప్పు డబ్బాలో చీటీ ఉంటే అది పప్పు గురించే అనుకోనా మరి? నాకా అక్షరమ్ముక్క రాదు. అంకెలు మాత్రం తెలుసు, టేపు మీద చూసి చూసి. ఎవరికైనా చూపిస్తే గుట్టు బయటపడదూ? సరే, అంకెలతోనే కానిచ్చేద్దాం అనుకున్నా.

పద్నాలుగు ఉంది. పద్నాలుగు మిరపకాయలు వేశా. తొమ్మిది ఉంది. తొమ్మిది టమాటాలు. ముప్పై ఆరు ఉంది. మీరు కుక్కరు ముట్టరని తెలుసు, అయినా ముప్పై ఆరు అంటే విజిల్సు కాక ఇంకేముంటాయండీ? పదకొండో విజిలుకే పై వాటాలో ఆవిడ పరిగెత్తుకొచ్చింది, "పిన్నిగారూ, ఇల్లు పేలుతుందా ఏం?" అంటూ. ముప్పై రెండు దేనికో అర్థంకాక వదిలేశా. అదొక్కటే ఆ రోజు చేసిన మంచిపని.

అబ్బాయి ఒక్క ముద్ద తిన్నాడు. కళ్ళమ్మట ధారలు. మూడు గ్లాసుల నీళ్ళు తాగి పెళ్ళాంతో గుసగుసగా, "అమ్మ మనసేం బాగాలేదు పాపం" అన్నాడు. ఆ రోజునుంచి వంటిల్లు కోడలు తీసుకుంది. నన్ను పప్పు మాటే అడగలేదు, బాధపడతానని. నాకు బతుకుజీవుడా అనిపించింది, అంతలోనే సిగ్గేసింది.

అందుకే చదువు మొదలెట్టా. అరవై నాలుగేళ్ళకి! పంతులమ్మ ఎవరనుకున్నారు? మీ మనవరాలు. రెండో తరగతి. స్కేలు పట్టుకుని కూర్చుంటుంది. "నానమ్మా, హోంవర్క్ ఏది? మళ్ళీ నిద్రపోయావా?" అంటుంది. ఒకసారి గోడ కుర్చీ కూడా వెయ్యమంది. మోకాళ్ళ నొప్పులని బతిమాలుకున్నా.

కానీ ఎంత వింతండీ ఇది! ఇన్నేళ్ళూ బస్సుల మీద, గోడల మీద, సబ్బు కాయితాల మీద గీతలే అనుకున్నవి ఒక్కొక్కటే నోరు తెరిచి మాట్లాడుతుంటే నాకు రోడ్డు మీద నడవడమే ఆలస్యమైపోతోంది. ప్రతి బోర్డు దగ్గరా ఆగుతున్నా.

పోయిన వారం మీ చీటీలో ఒక మాట చదవగలిగా. 'భుజం.'

పప్పులో భుజమేమిటండీ! తల తిరిగిపోయింది. నేనే తప్పు చదివానని పంతులమ్మ దగ్గర మళ్ళీ ఒత్తులూ గుణింతాలూ దిద్దా. భుజం పద్నాలుగు. ఛాతీ ముప్పై ఆరు. నడుం ముప్పై రెండు. చెయ్యి తొమ్మిది.

నా కొలతలు! నా జాకెట్టు కొలతలు తీసుకెళ్ళి పప్పు డబ్బాలో దాస్తారా ఎవరైనా? నేనెప్పుడూ చెయ్యి పెట్టని డబ్బా అదొక్కటే అనా? నాకు తెలీకుండా జాకెట్టు కుట్టిద్దామనుకున్నారా, మీరే కుడదామనుకున్నారా? మీ కుట్టు వంకరని తెలిసి కూడా?

ఆగండాగండి, పసుపు వెయ్యాలిప్పుడు. ఎలా తెలుసంటారా? అదే చెప్పబోతున్నా.

పొద్దున్న కోడలు అడిగాక గుమ్మంలో నిలబడి ఆలోచించా. మీరు వండటం నేనెప్పుడూ చూడలేదు. కానీ మిషను మీద కూర్చుని వాసన చూశాను కదా, నలభై నాలుగేళ్ళు! జాకెట్టుకి టక్కులు వేస్తుంటే పసుపు వాసన. మొదటి చెయ్యి ఎక్కిస్తుంటే టమాటా. రెండో చెయ్యి అయ్యేసరికి అంతా కలిసిపోయి ఆకలేసే వాసన. మెడ పట్టీ తిప్పుతుంటే జీలకర్ర చిటపట, వెల్లుల్లి ఘుమఘుమ, ఆ తర్వాత 'చుయ్'మని తాలింపు. హుక్సు పట్టీ దగ్గర మీరు పిలిచేవారు, "రా, ఉప్పు చూడు" అని.

అందుకని ఏం చేశానో తెలుసా? ఆ చీటీ కొలతలతో జాకెట్టు కత్తిరించా. సన్నమంట మీద పప్పు పెట్టా. ఇదిగో, టక్కులైపోయాయి. చేతులు ఎక్కించాలి. వెళ్తున్నా. ఇటు చూస్తూ ఉండండి.

*

వచ్చా. మధ్యలో వచ్చి టమాటా వేసేశా కదా, మళ్ళీ వెళ్ళా, రెండో చెయ్యీ అయింది. ఆ వాసన వస్తోందా మీకు? అన్నం కూడా వార్చేశా.

చేతులు కుడుతూ ఏడ్చానండీ కాస్త. చీటీలో మిగిలిపోయిన రెండు ముక్కలూ ఇవాళే చదవగలిగా. 'చేతులు కాస్త వదులు, మిషను మీద పట్టకూడదు.' పైన గిరాకీ పేరు రాసే చోట నా పేరు లేదు. 'మా టైలరమ్మ' అని ఉంది.

నోటితో ఒక్కసారైనా అనొచ్చు కదండీ, ఆ మాట?

సరే, మెడ పట్టీ అయింది. తాలింపు. తప్పుకోండి, చిందుతుంది.

*

తిందండీ! రెండు ముద్దలు కాదు, కంచం ఖాళీ చేసింది. నెయ్యి ఇంకాస్త వెయ్యమంది కూడా. "అబ్బ, ఇదే అత్తయ్యా, ఇదే మీ చెయ్యి!" అంది. ఎప్పట్లాగే సిగ్గుపడి తల దించుకోబోయా.

దించలేకపోయా.

మొత్తం చెప్పేశా. మీ అమ్మగారి దగ్గర్నుంచి పదకొండు విజిల్సు దాకా. కళ్ళింతలు చేసుకుని వింది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"అయితే అత్తయ్యా, నా పెళ్ళి జాకెట్టు కుట్టిందెవరు?"

"నేనేనమ్మా" అన్నా. ఆ మాట పైకి అనడం ఇదే మొదటిసారి కదండీ.

ఇంకేముంది, సాయంత్రానికల్లా అబ్బాయికి తెలుస్తుంది, రేపటికి పై వాటా ఆవిడకీ తెలుస్తుంది. తెలియనివ్వండి. ఇకమీదట పప్పు పేరు మీది, కుట్టు పేరు నాది. కోపమొచ్చిందా? వస్తే రండి మరి, వచ్చి రేపటి పప్పు మీరే వండండి.

నేను మిషను తొక్కుతూ ఉంటా.