ఎడమవైపు నీడ

నన్నలా చూడకండి. అంతా మీ కూతురే చేసింది. ఫొటోలో కూర్చుని మీరు హాయిగానే ఉన్నారు, పోయి నాలుగేళ్ళయింది. ఇక్కడ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియనిది నాకు.

అవునండీ, మీ కూతురే. ఇవాళ మాత్రం నా కూతురని అనను. రేపటి సంగతి రేపు చూద్దాం.

లైబ్రరీ హాల్లో ఎగ్జిబిషన్ పెట్టారు. మన వీధుల్లో ఆడవాళ్ళు ఏమేం పనులు చేశారో ఎవరూ రాసి పెట్టలేదట, అందుకని వీళ్ళు చూపిస్తారట. మంత్రసాని సంచీ పెట్టారు. మొదటి బస్సు కండక్టరమ్మ విజిలు పెట్టారు. కోర్టు ముందు కూర్చుని నలభై ఏళ్ళు అర్జీలు కొట్టిన టైపిస్టమ్మ మిషను పెట్టారు. బళ్ళో డ్రాయింగ్ చెప్పేది కదా, అన్నీ మీ కూతురే దగ్గరుండి సర్దించింది. నేనూ ఇస్త్రీ చీర కట్టుకుని మురిసిపోతూ వెళ్ళాను.

లోపలికెళ్తే ఏముందీ! ఎదురు గోడంతా మీ పేరున్న బోర్డులే. దర్జీ కొట్టు, సైకిల్ షాపు, పిండిమర, చెప్పుల దుకాణం... మొత్తం పదకొండు. మధ్యలో నా ఫొటో. కింద ఇంతింత అక్షరాలతో రాసిపెట్టింది: "ఈ బోర్డుల మీద సంతకం ఆయనది, చెయ్యి ఈవిడది."

ఒకటికి రెండుసార్లు చదువుకున్నానండీ.

దానికెలా తెలిసిందంటారా? ముందు నేను చెప్పలేదు, ఒట్టు. షాపుల్లో పాత బోర్డులన్నీ అడిగి తెచ్చి మన షెడ్డులో వరసగా నిలబెట్టింది. పాతవాటిలో అక్షరాల వెనక వేసే నల్ల నీడ కుడివైపు పడింది, మూలన వేసిన తేదీలు చూస్తే, ఫలానా ఏడాది నుంచీ అన్నిటికీ ఎడమవైపు పడింది. నాన్న ఎందుకు మార్చారమ్మా అని అడిగింది. ఆయనిష్టం, నాకేం తెలుసు అన్నాను. అది నా చేతిలో కూర తరుగుతున్న కత్తి వంక చూసింది. ఎడమచేతిలో ఉంది.

ఇంకేం దాచను? చెప్పేశాను. మీ చెయ్యి వణకడం మొదలయ్యాక మీరు షాపులకెళ్ళి కొలతలు తెచ్చేవారు, నేను షెడ్డులో తలుపేసుకుని రాసేదాన్ని, మూలన సంతకం మాత్రం మీరు పెట్టేవారు. వణుకుతూ పెట్టిన ఆ సంతకం చూసి అదేదో కొత్త స్టైలనుకునేవారు జనం! పద్నాలుగేళ్ళు గడిపాం అలా. చెయ్యి పోయిందని తెలిస్తే మిమ్మల్ని ఎవరు పిలుస్తారు, మీ పరువేం కాను? అందుకే నోరు మూసుకున్నాను. ఇది మనిద్దరి మధ్యే ఉండాలే అని దానిచేత చేతిలో చెయ్యి కూడా వేయించుకున్నాను.

వేసింది మహాతల్లి. వేసి, తీసుకెళ్ళి గోడకెక్కించింది.

పక్కకి లాగి, ఏమిటే ఈ పని అని అడిగాను. బెదురూ లేదు, బెరుకూ లేదు. "నాన్న చేసింది మోసమమ్మా. నువ్వు దాచిపెడితే మర్యాద అయిపోదు" అంది. మోసమట! ఒళ్ళు మండిపోయింది నాకు. కన్నతండ్రిని అంత మాట అంటుందా? కడుపున పుట్టిందే మాట తప్పితే ఇంక నేనెవరికి చెప్పుకోవాలండీ? నోరు ముయ్యవే అన్నాను.

అన్నాను గానీ... ఏవండీ, ఒకటి అడగనా? ఇన్నాళ్ళూ అడగలేదు.

మీరు మంచాన పడ్డాక దర్జీ చూడ్డానికొచ్చాడు, గుర్తుందా? మీ చెయ్యి తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. ఇలాంటి చెయ్యి మళ్ళీ పుట్టదన్నాడు. నేను టీ గ్లాసులతో గుమ్మంలోనే ఉన్నాను. వదినగారికీ కాస్త నేర్పించాల్సింది అని వేళాకోళమాడాడు. దానికి మీరేమన్నారు? "దానికి రంగుడబ్బా మూత తియ్యడం కూడా రాదు" అన్నారు. ఇద్దరూ నవ్వుకున్నారు. నేనూ నవ్వాను.

చెప్పొద్దంటే చెప్పలేదు కదండీ. మాట్లాడకుండా ఊరుకుంటే పోయేది కదా, ఆ నవ్వులాట దేనికి? పోనీ దర్జీ వెళ్ళాకైనా నావైపు తిరిగి ఒక్క మాటన్నారా? దుప్పటి కప్పమన్నారు. కప్పాను.

అసలు సంగతికి ఇంకా రాలేదు, వినండి.

మైకు ముందుకి మందుల షాపాయన కొడుకొచ్చాడు. వాళ్ళ పచ్చక్షరాల బోర్డు లేదూ? మన పెళ్ళైన కొత్తలో మీరు నిచ్చెనెక్కి మూడు రోజులు రాశారు. నేను కింద నిచ్చెన పట్టుకుంటే, ఈ వీధిలో ఎండ కుడివైపు నుంచి కొడుతుంది, అందుకని నీడ ఎడమకి పడాలి చూడు, అని పైనుంచి చెప్తూ రాశారు. అంతకంటే మంచి పని మీ చేతిలో మళ్ళీ రాలేదు. నా చేతిలో అసలే రాలేదు. ఎడమ నీడ చూసి మీ కూతురు అదీ నాదే అనుకుంది. మూల తుప్పు పట్టి మీ సంతకమూ తేదీ ఎప్పుడో రాలిపోయాయి. తెచ్చి నా ఫొటో పక్కనే తగిలించింది.

చిన్నప్పుడు ఆ బోర్డు చూసే అక్షరాలు దిద్దుకున్నాడట అతను. నావైపు తిరిగి, "ఇది కూడా మీరేనా అమ్మా?" అన్నాడు.

హాలంతా నన్నే చూస్తోంది. మీ కూతురూ చూస్తోంది. కాదు బాబూ అనడానికి ఎంతసేపు?

"నేనే రాశాను" అన్నాను.

చప్పట్లు కొట్టారండీ. లేచి నిలబడి మరీ కొట్టారు. నాకు సిగ్గు కూడా వెయ్యలేదు. చీరైనా మార్చుకోకుండా వచ్చి మీ ముందు కూర్చున్నది అందుకే, ఎందుకు వెయ్యలేదో తెలియక.

ఇంకా పది రోజులుంటుందట ఎగ్జిబిషన్. పొద్దున్నే వెళ్ళి, ఆ ఒక్కటీ మీ నాన్నదేనే అని దానితో చెప్పేస్తాననుకుంటున్నారు కదూ? ఇందాకట్నుంచీ నేనూ అలాగే అనుకుంటూ కూర్చున్నాను.

చెప్పనండీ.