ఊళ్ళో లేనివాళ్ళు

హోటలు, మూడో అంతస్తు. కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది, తెర తీస్తే.

“ఆ తెర ముట్టుకోకు!”

“సముద్రం కనిపించే గది కావాలని అడిగి మరీ తీసుకున్నాం కదండీ.”

“మనకి సముద్రం కనిపిస్తే, సముద్రం ఒడ్డున ఉన్నవాళ్ళకి మనం కనిపించమా? అక్కడ సగం మంది మా ఆఫీసువాళ్ళే ఉంటారు. సెలవు పెట్టి కొండల మీదికి పోయిన గుమాస్తా సొంత ఊళ్ళో హోటలు కిటికీలో తేలితే నా పరువేం కావాలి?”

“ఒక్క జానెడు తీస్తా.”

“వద్దన్నానా! రాత్రి ఆ కిటికీ తీసి నువ్వు నవ్విన నవ్వుకే పై అంతస్తు వాళ్ళు కూడా లేచి కూర్చునుంటారు.”

“ఎవరో చూస్తారని మీరు దుప్పటి కప్పుకుని కిటికీ కింద పాక్కుంటూ పోతే నవ్వక ఏడవనా?”

“నీకేం, నవ్వుతావు. అక్కకి తెలిస్తే జన్మలో మన గడప తొక్కదు.”

“అంత అదృష్టమా!”

“ఏమన్నావ్?”

“ఏం లేదు. ఎండాకాలం మొదలైందో లేదో మీ అక్కా బావా పెట్టెలతో దిగుతారు. దిగనీండి, నేనెప్పుడైనా కాదన్నానా? కానీ ఈ ఊరికి కాపురానికొచ్చి పన్నెండేళ్ళయింది, నేను చూసిందేంటో చెప్పండి. కూరగాయల బజారు, స్టేషను, లైట్‌హౌసు. లైట్‌హౌసు కూడా కిందనుంచే. పైకెక్కేది మీరు, సంచులకి కాపలా నేను. ఈ నాలుగు రోజులూ నేనే చుట్టాన్ని. ఎవరో కాఫీ తెచ్చివ్వాలి, చల్లారిపోయిందని నేను వంక పెట్టాలి.”

“పెట్టావుగా పొద్దున.”

“ఎంత హాయిగా ఉందనుకున్నారు!”

“ఫోను... అక్కే! చచ్చాం. నువ్వే మాట్లాడు.”

“మీ అక్క. మీరే మాట్లాడండి.”

“నాకు అబద్ధాలు రావే.”

“నాకేమైనా మా పుట్టింట్లో నేర్పి పంపారా? ఇలా ఇవ్వండి... హలో, వదినా!”

“ఏమే మరదలా, ఎలా ఉంది కొండల మీద? వింటున్నావా, చలిగా ఉందా?”

“చలే వదినా. మీ తమ్ముడైతే వణికిపోతున్నారు.”

“ఏంటే ఆ హోరు? సముద్రంలా ఉంది?”

“చెట్లు వదినా. పెద్ద పెద్ద చెట్లు.”

“అలాగా. మీరు ఊళ్ళో లేరన్నారని మేమూ ఇంట్లోనే పడున్నాం. మీ అన్నయ్యగారికి నడుం నొప్పి. వింటున్నావా, అంత దూరం పోయి తెరలేసుకుని గదిలో కూర్చోకండి. నాలుగు వీధులు తిరగండి. ఉంటా.”

“తెర వేసుకున్నామని అక్కకెలా తెలిసింది?”

“మాటవరసకన్నారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోకండి. లేవండి, టోపీ పెట్టుకోండి. నేను మెట్లవీధి చూడాలి.”

టాక్సీలో. మొగుడు టోపీ చాటున, పెళ్ళాం నల్ల కళ్ళద్దాల చాటున.

“ఎటు సార్?”

“ఊరికి కొత్తవాళ్ళం. ముందు పడవలు చేసే పేట, అక్కణ్ణించి మెట్లవీధి. గుమాస్తాల కాలనీ మీదుగా మాత్రం పోనివ్వకు.”

“ఆ కాలనీకి ఏం తెగులొచ్చింది సార్? నిన్న మీ హోటల్లో ఎక్కినవాళ్ళూ ఇదే మాటన్నారు.”

“ఎవరి గొడవలు వాళ్ళవి. నువ్వు పోనియ్.”

“అబ్బ, ఆగు బాబూ! అదేంటండీ, అన్నీ పక్కటెముకలే?”

“పడవమ్మా. ఇంకా పలకలు కొట్టలేదు.”

“ఇంత దగ్గర్లో పెట్టుకుని పన్నెండేళ్ళు నేను...”

“పన్నెండేళ్ళేంటమ్మా? ఊరికి కొత్తన్నారుగా?”

“పన్నెండేళ్ళుగా రావాలనుకుంటున్నాం అంటోందయ్యా. ఇక పద. ఆ మెట్లవీధిలో ఏముంది?”

“నీలం తలుపుంది సార్.”

“తలుపా?”

“ఒట్టి తలుపే సార్. ఎవరో దాని ముందు నిలబడి ఫోటో దిగారు, అంతే, ఊరంతా ఎగబడింది. ఇప్పుడు వరసలో నిలబడాలి.”

“మరి ఆ ఇంట్లోవాళ్ళు?”

“తలుపు తీస్తే ఫోటోలో పడుతున్నారని జనం కేకలేస్తున్నారమ్మా. పాపం వాళ్ళే వెనక గోడ పగలగొట్టుకుని అటునుంచి తిరుగుతున్నారు.”

“విన్నారా? అచ్చం మన సంసారమే.”

“ఊరుకో. అదిగో డ్రైవరూ, ఆ లైట్‌హౌసు చూశావా? దాని వెలుతురు సముద్రం మీద ఎంత దూరం పోతుందో తెలుసా నీకు?”

“ఓరి నాయనో! నిన్నటి పెద్దాయన అచ్చం ఇలాగే అని పొట్ట పట్టుకుని నవ్వాడు సార్. మా బామ్మర్ది ఉంటే ఇక్కడ వెలుతురు పురాణం మొదలెట్టేవాడు అని.”

“ఏ పెద్దాయన?”

“కాలనీ వైపు వద్దన్నాయన. అక్కడ ఆ బామ్మర్ది ఇల్లుందంట. ఏటేటా పట్టుకుపోయి లైట్‌హౌసు ఎక్కిస్తాడంట. మోకాళ్ళరిగిపోయాయంట పాపం. ఈ ఏడు అతను ఊళ్ళో లేడని తెలిసి, ఇదే సందని హోటల్లో దిగారంట. పక్కింటివాళ్ళు చూస్తే పట్టించేస్తారని అటు వద్దన్నారు.”

“ఆయన భార్య... ఆవిడెలా ఉంటుంది బాబూ?”

“ఏం చెప్పనమ్మా! ఆయనతో అయితే ‘వింటున్నారా’, నాతో అయితే ‘వింటున్నావా’. వింటున్నానమ్మా అని చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది.”

“ఎంత మోసం! చూశావే? తమ్ముడి ఇల్లు ఉండగా హోటల్లో దిగుతుందా? నడుం నొప్పని అబద్ధమా? తోడబుట్టినవాడి కళ్ళల్లో దుమ్ము కొడుతుందా? ఇప్పుడే ఫోను చేసి కడిగేస్తా!”

“కడగండి. ఎక్కణ్ణించి మాట్లాడుతున్నావురా అంటే?”

“కొండల మీద నుంచి.”

“ఆవిడ హోటల్లో ఉందని కొండల మీద నుంచి కనబడిందా?”

“పోనీలే, ఫోను జేబులో పెట్టేస్తున్నా.”

“ఏంటి, తేలు కుట్టిన దొంగలా అయిపోయారు?”

“అదికాదే. లైట్‌హౌసు గురించి నేనెంత బాగా చెప్తాను! బావ ప్రతిసారీ ‘ఆహా’ అనేవాడు.”

“సార్, అంటే ఆ బామ్మర్ది...”

“నువ్వు రోడ్డు చూసి నడుపు!”

“బాబూ, ఆవిడ తన మరదలి గురించి ఏమైనా అందా? ఫరవాలేదు, చెప్పు. తిట్టిందా? వంటకి వంకలు పెట్టిందా?”

“తిట్టలేదమ్మా. ఆయన నవ్వుతుంటే ఆవిడే కసిరింది. ‘నాకు మీ లైట్‌హౌసు గొడవ కాదు. మనమున్నన్నాళ్ళూ మా మరదలు మొహాన నవ్వు చెరగనివ్వదు గానీ, వింటున్నారా, వంటింట్లో గిన్నెల మోత నిజం చెప్పేస్తుంది. మనం వచ్చామని తెలిస్తే మావాడు కొండలు దిగి పరిగెత్తుకొచ్చి ఆ పిల్లని మళ్ళీ పొయ్యి దగ్గర నిలబెడతాడు. ఈ ఏడన్నా దాన్ని ఊపిరి పీల్చుకోనిద్దాం’ అంది.”

“ఏమే, ఏడుస్తున్నావా?”

“ఉప్పుగాలి.”

“కళ్ళద్దాల లోపలికా?”

“సిగ్గేస్తోందండీ. ఇన్నేళ్ళూ ఎవరికీ తెలియకుండా నెట్టుకొచ్చాననుకున్నా. గిన్నెలు పట్టించేశాయి. ఫోను ఇలా ఇవ్వండి.”

“వద్దే! ఇప్పుడు మనంతట మనమే చెప్తే దొంగలమైపోతాం.”

“వాళ్ళు మాత్రం దొరలా? ఇవ్వండి... హలో, వదినా.”

“ఏమే, ఇంతలోనే చేశావు? వింటున్నావా, చెట్ల హోరు తగ్గిందా?”

“వదినా, మేం కొండల మీద లేం. ఈ ఊళ్ళోనే ఉన్నాం, హోటల్లో. ఎండాకాలం, మీరొస్తారని భయమేసి ఆయన్ని నేనే లాక్కొచ్చా. తిట్టండి.”

“తెలుసే.”

“తెలుసా!”

“మీది మూడో అంతస్తు, మాది నాలుగు. ఇందాక నీ మొగుడు టోపీ పెట్టుకుని, ఎవరి జేబో కొట్టినవాడిలా దిక్కులు చూస్తూ టాక్సీ ఎక్కడం కిటికీలోంచి చూశాం కూడా.”

“మరి పలకరించలేదేం వదినా?”

“మీ అన్నయ్యగారు రాత్రే లేచారు, ‘మీ తమ్ముడి గొంతు వినబడుతోంది, పోయి తలుపు తడదాం పద’ అని. నేనే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టా. అప్పుడే కింద నువ్వు నవ్వుతున్నావు. ఇన్నేళ్ళుగా మీ ఇంటికొస్తున్నాను, వింటున్నావా, నీ మొహాన నవ్వు చూడ్డమే గానీ, నువ్వు నవ్వగా వినడం అదే మొదటిసారి.”