కుడివైపు కూర్చో

మూలగకు బావా. డాక్టరు మాట్లాడొద్దన్నాడు, నిజమే, దానికి బదులు మూలగమని మాత్రం చెప్పలేదు. గొంతులో గడ్డ కోసి తీశాక కొన్నాళ్ళపాటు గుసగుసలు కూడా ఆడకూడదని నీ ముందే కదా అన్నాడు? ఆ పలక ఇటివ్వు. ఇవ్వమంటున్నానా.

ఇదేం రాత? "గ్లాసు అన్నాక కాసేపు ఆగు." ఆగడం ఎందుకు, నేను ఊపిరి పీల్చుకోడానికా, వినేవాళ్ళు ముక్కు చీదుకోడానికా? కింద ఇంకోటి. "చెవి చూపించు." చూపిస్తాలే. ఎన్నిసార్లు చూపించలేదు గనక.

సరే, చొక్కా వేసుకో. ఇస్త్రీ చేసి కుర్చీ మీద పెట్టాను. చర్చి వ్యాను వచ్చేలోపు నా గోడు కాస్త విను. నువ్వు నోరు మూసుకుని ఉంటే నేను మాట్లాడటం మన కాపురంలో ఇదే మొదలు. మళ్ళీ ఎప్పుడు దొరుకుతావో ఏమో.

పాస్టరుగారు నిన్న ఎంత హడావిడిగా వచ్చారో చూశావుగా. చుట్టుపక్కల సంఘాలన్నీ కలిసి పెట్టుకున్న ప్రార్థన కూటమట. దేవుడు నిన్నెలా మార్చాడో సాక్ష్యం చెబుతావని ఎప్పుడో నీ పేరు చెప్పేశారట. ఇప్పుడు సాక్ష్యాలన్నకి గొంతు లేదంటే జనం ఉసూరుమంటారట. ఆ పేరు నీకు ఎవరు పెట్టారో గానీ, పాలు పోసేవాడు కూడా అలాగే పిలుస్తున్నాడు. పాస్టరుగారే మళ్ళీ, పోనీ ఆయన సాక్ష్యం అమ్మగారే చెబితే ఇంకా బాగుంటుంది, దెబ్బ తిన్న మనిషే వచ్చి క్షమించానంటే రాళ్ళు కూడా కరుగుతాయి అన్నారు. నేను అక్కడే టీ పట్టుకుని నిలబడి ఉన్నాను. నన్ను అడిగారా? నీ వంక చూసి అడిగారు. నువ్వు తల ఊపావు. దాంతో నేను ఒప్పుకున్నట్టే అయింది.

కంగారుపడకు, నాకు అంతా కంఠతా వచ్చు. ముందు వరసలో కూర్చుని ఎన్నిసార్లు వినలేదు? నేను తాగుబోతుని అంటావు. సైతాను నా చేతిలో గ్లాసు పెట్టాడు అంటావు. ఇక్కడ ఆగుతావు. ఆ గ్లాసు పట్టుకున్న చేత్తోనే నా ఇల్లాలిని కొట్టాను, ఆ చెవికి ఈనాటికీ వినపడదు అంటావు. అప్పుడు నా వైపు చెయ్యి చాపి, ఒకసారి లేచి నిలబడమ్మా అంటావు.

నేను లేస్తాను. అందరూ నా ఎడమ చెవి వంక చూస్తారు. అక్కడ చూడ్డానికేముంది? అదీ కుడిదానిలాగే ఉంటుంది. ఒకావిడైతే దగ్గరికొచ్చి, తడిమి, పట్టుకుని ప్రార్థన కూడా చేసింది. నువ్వు కూర్చోమనే దాకా నేను కూర్చోకూడదు. ఒక్కోసారి నువ్వు మర్చిపోతావు. పాట మొదలయ్యేదాకా అలాగే నిలబడి ఉంటాను, బడిలో లెక్క తప్పిన పిల్లలా.

ఒకసారి లేవలేదు, గుర్తుందా? మోకాలు నొప్పి అని చెప్పాను. ఇక చూసుకో, సంఘంలో ఆడవాళ్ళంతా ఒకరి తర్వాత ఒకరు ఇంటికి రావడం. ఆయన అంత మారాడు, నీ మనసింకా మారలేదా తల్లీ అని అడగడం. ఎంత చక్కగా ఉందో చూడు. కొట్టినవాడికి మారుమనస్సు ఎప్పుడో వచ్చేసింది, ఇక రావలసింది నాకేనట. నా కోసం ఉపవాసం ఉంటామని కూడా అన్నారు. తర్వాతి ఆదివారం లేచి నిలబడ్డాను.

అలా చూడకు. నువ్వు మారలేదని నేనన్నానా? మళ్ళీ నా మీద చెయ్యెత్తలేదు. గొంతు కూడా పెంచలేదు. మన పిల్లకి ఆ నాటి సంగతి నీ సాక్ష్యంలో విన్నదే గానీ గుర్తు లేదు, అప్పటికి ఉయ్యాల్లో ఉంది. నేను లాండ్రీ నుంచి కాళ్ళీడ్చుకుంటూ వచ్చేసరికి పొయ్యి మీద వంట అయిపోయి ఉంటుంది. కాదంటే నా కళ్ళు పోతాయి.

రోడ్డు మీద ఎప్పుడూ నాకు ఎడమ పక్కనే నడుస్తావు. వినపడని వైపు నుంచి బండ్లొస్తాయని కాపలా కాస్తాడు, నీ అంత అదృష్టం ఎవరికుందే అంటారు మా ఆసుపత్రి లాండ్రీలో. అక్కడ నన్ను దుప్పట్లు ఆరబెట్టే పెద్ద మిషను దగ్గరే పెడతారు. ఆ మోతకి ఎవరూ నిలవలేరు. నీకైతే సగమే కదా అంటుంది మా సూపర్‌వైజరు. సరదాకే అంటుందిలే, మంచిదే పాపం. నేనూ నవ్వేస్తాను.

నిన్న పాస్టరుగారు వెళ్తుంటే వెనకే గేటు దాకా వెళ్ళాను, చూశావా? ఆయన్ని ఒక మాట అడగాలనిపించింది. అసలు పశ్చాత్తాపం అంటే ఏంటండీ అని అడిగాను. ఆయన నవ్వి, మీ ఇంట్లోనే పెట్టుకుని నన్నడుగుతారేంటమ్మా అన్నారు. పోతున్న దారి తప్పని తెలిసి వెనక్కి తిరగడం, డ్రైవరు బండి తిప్పినట్టు అన్నారు.

నేను డ్రైవరు పెళ్ళాన్నే కదా బావా. బండి వెనక్కి తిప్పాలంటే ముందు అద్దంలో చూడాలని నువ్వే చెప్పేవాడివి. వెనక ఏముందో అదే చూడాలి, ఉంటే బాగుండునని మనం అనుకునేది కాదు.

నువ్వు చెప్పే సాక్ష్యంలో వాచీ ఏది బావా?

అదుగో. గుండీ పెట్టుకుంటున్న చెయ్యి ఆగిపోయింది. ఇలా రా, నేను పెడతాను. కదలకు.

ఆ సాయంత్రం మీ డిపో వాళ్ళు ఇద్దరొచ్చారు. నువ్వు బస్సు వెనక్కి తీస్తూ డిపో గేటుకే గుద్దిన సంగతి నేను వాళ్ళ ముందు చెప్పి నవ్వాను. వాళ్ళూ నవ్వారు. నువ్వు కూడా నవ్వావు. వాళ్ళని వీధి చివరిదాకా సాగనంపి వచ్చావు. తలుపేశావు. గడియ పెట్టావు. ఉయ్యాల్లో పిల్లకి దుప్పటి సర్దావు. అప్పుడు వాచీ విప్పి, పట్టీ సరిచేసి, బల్ల మీద పెట్టావు. కొత్త వాచీ కదా, అద్దం పగులుతుందని. పెట్టి, నా దగ్గరికి వచ్చావు.

దెబ్బ నాకు అంతగా గుర్తు లేదు. బల్ల మీద వాచీ పెట్టిన చప్పుడు గుర్తుంది. నా ఎడమ చెవి ఆఖరుగా విన్నది అదే అనుకుంటా.

తాగి ఒళ్ళు తెలియనివాడు వాచీ తీసి పెట్టుకుంటాడా? ఆ పూట నువ్వు ముట్టింది మంచినీళ్ళు. అసలు నువ్వు తాగే మనిషివే కాదు. ఎప్పుడో ఎవరో బలవంతాన పోస్తే ఒక గుక్క మింగి మొహం చిట్లించేవాడివి. ఆ రోజు తర్వాత మళ్ళీ వాచీ పెట్టుకోలేదు నువ్వు. ఎవరూ గమనించలేదు, టైము కావాలంటే నన్నడుగుతావు. నేను చెబుతాను. ఎందుకు పెట్టుకోవని మాత్రం ఎన్నడూ అడగలేదు.

మరి గ్లాసెక్కడి నుంచి వచ్చింది? నీకు తెలుసు, నాకు తెలుసు. సైతాను పాపం మధ్యలో ఎందుకు. నేనిచ్చాను.

మర్నాడు మా అన్నయ్య వచ్చాడు కదా, నా చెవిలో దూది చూసి ఊగిపోయాడు. "తాగి కొట్టాడా, తెలివిలో ఉండి కొట్టాడా? అది ఒక్కటి చెప్పు నాకు" అన్నాడు. తెలివిలో ఉండి కొట్టుంటే పిల్లనెత్తుకో, ఇప్పుడే పోదాం, ఇక ఈ గుమ్మం తొక్కేది లేదన్నాడు. నువ్వు తలుపు దగ్గర నిలబడి ఉన్నావు, మొహంలో నెత్తురు చుక్క లేకుండా. నేను నీ వంక చూస్తూనే చెప్పాను. "తాగున్నాడన్నయ్యా. ఒంటి మీద తెలివి లేదు."

అన్నయ్య కుర్చీలో కూలబడ్డాడు. తాగుడైతే మాన్పించొచ్చులే అన్నాడు. నువ్వు కాదనలేదు. ఔననీ అనలేదు. అన్నయ్యే వెళ్ళి పాస్టరుగారిని వెంటబెట్టుకొచ్చాడు. మీ డిపోలో తెలిసి నిన్ను స్టీరింగు మీద నుంచి దింపి స్టోరు గదిలో సామాను అందించే పనిలో పెట్టారు. అదీ నోరెత్తకుండా మింగావు. అది నీకు తగిన శిక్షే అనుకుని మింగావో, నిజం బయటపడటం కంటే ఇదే నయం అనుకున్నావో, అడగడానికి నాకు ధైర్యం లేకపోయింది.

నీ మీద జాలిపడి అలా చెప్పానని కదా ఇన్నేళ్ళూ అనుకుంటున్నావు? కాదు. నాకు నువ్వు కావాలి. చెవిలోంచి నెత్తురు కారుతున్నా, నిన్ను వదిలి పోవాలని నాకు లేదు. ఆ మాట నా నోటితో నేను చెప్పుకోడానికే నాకు సిగ్గు. తాగి కొట్టాడంటే నేను ఉండొచ్చు, అందరూ అయ్యో అంటారు. వాచీ తీసి పెట్టి కొట్టాడంటే ఎలా ఉంటాను? ఉంటే నేనేం మనిషినని అడగరూ? అందుకని ఉండటానికి ఒక దారి చూసుకున్నాను. నువ్వు దాన్నే పట్టుకుని ఊరూరా తిరుగుతున్నావు.

పోనీ, దానివల్ల ఎవరికీ మేలు జరగలేదా అంటే, జరిగింది. మన సంఘంలో వెల్డింగు పనివాడు ఒకడు నీ సాక్ష్యం విని నిజంగానే తాగుడు మానేశాడు. వాళ్ళావిడ నా చేతులు పట్టుకుని ఏడ్చింది. అదే నన్ను ఎటూ కదలనివ్వకుండా చేస్తోంది. ఇప్పుడు అదంతా అబద్ధమంటే ఆవిడ ఏమైపోతుంది?

కానీ బావా, రోజూ మోకాళ్ళ మీద పడి తాగుడు క్షమించు ప్రభువా అంటావే, ఆయనేమంటాడు? ఆ పాపం నువ్వు చెయ్యలేదు, చేసింది తీసుకురా అనడూ? లేనిదాన్ని ఎలా క్షమిస్తాడు? ఉన్నది నువ్వు ఆయనకి ఇవ్వవు. నాకూ ఇవ్వవు.

ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను, ఎలాగూ నోరు తెరిచాను. నేను నిద్రపోయాననుకుని నా ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి ఏదో గొణుగుతావు. ఊపిరి వెచ్చగా తగులుతుంది, మాట తెలియదు. మొదట్లో ప్రార్థన చేస్తున్నావనుకున్నాను. ప్రార్థనకి నా చెవెందుకు? తర్వాత ఎప్పుడో నా మెడ మీద తడి తగిలింది. అప్పుడు తెలిసింది ఆ మాటేమిటో.

నీ వైపు తిరిగి పడుకుని, కుడి చెవి నీ నోటికి అందిద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో. భయమేసింది. నేను మేలుకున్నానని తెలిస్తే ఆ గొణుగుడు కూడా మానేస్తావని. రోడ్డు మీద ఎడమవైపు, మంచం మీద ఎడమవైపు. అంతమందికి మైకులో అరిచి చెప్పగలిగినవాడివి, నాకు మాత్రం వినపడని చెవికే చెబుతావు. నాకు కడుపు మండిపోతుంది బావా. నాకు ఏడుపొస్తుంది.

ఏడవకు నువ్వు. గొంతు పట్టేస్తుంది. కుట్లు ఊడితే ఆ డాక్టరు నన్ను తిడతాడు. ఇదుగో, పలక తీసుకో. ఏదైనా ఉంటే రాయి. మెల్లగా రాయి.

"వాచీ సంగతి చెప్పు."

ఎవరికి? అక్కడా? ఇవాళే?

తల ఊపుతున్నావు. మళ్ళీ ఊపుతున్నావు. ఆగు. ఇంత తేలిగ్గా ఒప్పుకుంటావేంటి? నువ్వు ఒప్పుకోవన్న ధైర్యంతోనే కదా నేనిదంతా వాగింది?

వాచీ సంగతి చెబితే గ్లాసెక్కడిదని అడుగుతారు. నేనిచ్చానని చెప్పాలి. అన్నయ్య అక్కడే ఉంటాడు, వదినతో సహా. ఆ వెల్డింగు అతనూ వాళ్ళావిడా ఉంటారు. మన పిల్ల అల్లుణ్ణి తీసుకుని వస్తానంది. వాళ్ళందరి ముందు, కొట్టినవాణ్ణి వదల్లేక అబద్ధమాడానని చెప్పాలి. నీకేం బావా, ఒక్క ముక్క రాసేసి కూర్చున్నావు. నేను చెప్పాలి దాన్ని, నోటితో. ఇన్నాళ్ళూ నువ్వు ఎప్పుడు నిజంగా పశ్చాత్తాపపడతావా అని ఎదురుచూస్తూ కూర్చున్నాను. నువ్వు పడితే నేనూ పడాలని తట్టనే లేదు నాకు.

హారను. వినపడిందిలే, ఇటు చెవికి బాగానే వినపడుతుంది. వస్తున్నాం అని చెయ్యి ఊపు.

పలక తుడవకు. అక్కడే పెట్టు, బల్ల మీద.

నేనేం చెబుతానో నాకే తెలియదు. గ్లాసు దాకా చెప్పి ఆగుతాను, అంతవరకూ ఖాయం. ఆగాక నోట్లోంచి ఏదొస్తే అది. పాత పాటే పాడేసి దిగిపోతానేమో కూడా. అంతమందిని చూస్తే నాలుక ఎండిపోతుంది నాకు. ఒకవేళ చెప్పగలిగితే మాత్రం, లేచి నిలబడయ్యా అని నీ వైపు చెయ్యి చాపుతాను. నిలబడు. నేను కూర్చోమనే దాకా కూర్చోకు. మర్చిపోనులే, నీలాగ.

పద. గడియ తియ్యి. డాక్టరు మాట్లాడమన్న రోజు మొదటి మాట మైకుకి ఇవ్వకు, చెబుతున్నా. వ్యానులో అటు కాదు బావా, ఇటు రా. కుడివైపు కూర్చో.