మొదటి వన్స్‌మోర్

ఏమిటి, నన్నా అడుగుతున్నావు? పొద్దుటి నుంచి నువ్వూ మీ అన్నా కొట్టుకు చస్తున్నారు, ఇప్పుడు తీర్పు చెప్పడానికి నేను కావాల్సొచ్చానా. వాడేమో ఆ సంగీత నాటకమంతా ఒట్టి ఊదర, లైట్లూ పొగా తప్ప ఏముంది అందులో అంటాడు. నువ్వేమో ఊరు ఊరంతా వెర్రివాళ్లా, నాలుగు నెలల నుంచి టికెట్టు దొరకడం లేదంటే ఊరికే దొరకడం లేదా అంటావు. ఇద్దరూ చూసొచ్చారు కదా, మీ చెవులు మీకున్నాయి కదా. నేను సంగీత నాటకాల మీద అభిప్రాయం చెప్పడం మానేసి యాభై ఎనిమిదేళ్లయింది తల్లీ. ఎందుకేమిటి. ఒకసారి చెప్పాను. దాంతో మా బాబాయి నాశనమైపోయాడు. తను కట్టిన పాట మంచిదో కాదో తెలుసుకోకుండానే పోయాడు మనిషి, దానికి కారణం నేను. మీ నాన్నకి కూడా ఇది సరిగ్గా తెలియదు. ఆ ఫ్యాను కాస్త తగ్గించి కూర్చో, ఒక్క మాటా వినపడి చావడం లేదు.

మా బాబాయంటే మా నాన్నకి సొంత తమ్ముడు. పెళ్లీ గిళ్లీ లేదు, మా ఇంట్లోనే మేడ మెట్ల పక్క గదిలో ఉండేవాడు. ఒక మంచం, ఒక హార్మోనియం, గోడకి ఒక అద్దం, అంతే గది. పగలు కలప అడితీలో గుమాస్తా పని. ఏ దుంగ ఎంత పొడుగు, ఎవరి బండిలో ఎక్కింది, అది రాయడం. సాయంత్రం వచ్చి కాళ్లు కడుక్కుని హార్మోనియం ముందు కూర్చునేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. అన్నం చాల్లేదని కూడా అడిగేవాడు కాదు, మా అమ్మే చూసి పెట్టాలి. అలాంటివాణ్ణి నాటకాల కంట్రాక్టరు ఒకాయన ఎలా పట్టుకున్నాడో పట్టుకున్నాడు, పాటలు కట్టించుకున్నాడు. కథ పెద్దగా ఏం లేదు, పడవ నడిపేవాడి కథ. వాణ్ణి వదిలేసి వెళ్లిపోయిన పెళ్లాం ఎన్నో ఏళ్లకి అదే రేవుకి వస్తుంది, వాణ్ణి గుర్తుపట్టదు. వాడు గుర్తుపడతాడు, చెప్పడు. చెప్పకుండా అవతలి ఒడ్డుకి దించుతాడు. దించుతూ ఒక పాట. నాటకమంతా ఆ పాట మీదే ఆడింది తర్వాత్తర్వాత. ఆ పాటతోనే వచ్చింది గొడవంతా.

ఏమిటంటే, ఆ పాట పైకెళ్లి ముగియదు. మామూలుగా ఏ పాటైనా చివర్లో గొంతెత్తుతారు కదా, ఎత్తగానే జనానికి తెలిసిపోతుంది, ఆ, అయిపోయింది, కొట్టండి చప్పట్లు అని. ఇది అలా కాదు, కిందికి దిగి దిగి, ఊపిరంత చిన్నగా అయిపోయి, అక్కడే ఆగిపోతుంది. మొదటి రోజు ఏమైంది, ఆగింది, హాలంతా నిశ్శబ్దం. అయిపోయిందో ఇంకా ఉందో ఎవడికీ తెలియలేదు. ఒక్క చప్పట లేదు. తెర వెనక కంట్రాక్టరు తల పట్టుకున్నాడు. మర్నాడు మా ఇంటికొచ్చి, "మాస్టారూ, మీ కాళ్లు పట్టుకుంటాను, ఆ చివర ఒక్క ముక్క పైకెత్తండి, జనం చేతులు దురదగా ఉన్నాయి, వాళ్లకో దారి చూపించండి" అన్నాడు. మా బాబాయి ఏనాడూ ఎవరికీ ఎదురు చెప్పని మనిషి, ఆ రోజు మాత్రం తల అడ్డంగా ఊపాడు. "అక్కడ పడవ ఒడ్డుకి తగులుతుందండీ. ఆవిడ దిగి వెళ్లిపోతుంది. అక్కడ ఎవరైనా అరుస్తారా" అన్నాడు. ఆయనెంత బతిమాలినా అదే మాట.

పాట మారకపోతే పోయె, జనాన్ని మారుద్దామనుకున్నాడు కంట్రాక్టరు. మెట్లు దిగుతూ, ఇంటి ముందే ఉన్న మా నాన్న గడియారాల కొట్లో కూర్చున్న నన్ను చూశాడు. అప్పటికి నాకు ఇరవై. పక్కకి పిలిచి, "బాబూ, నీకో అయిదుగురు స్నేహితులున్నారా" అన్నాడు. రోజూ ఆరు పాసులు. పని ఏమీ లేదు, ఆ పాట అయిపోగానే వన్స్‌మోర్ అనాలి, చప్పట్లు కొట్టాలి, అంతే. ముందు వరసలో కూర్చోకూడదు, అక్కడ పెద్దవాళ్లుంటారు, తల తిప్పి చూస్తారు. ఇద్దరు వెనక, ఇద్దరు మధ్యలో, ఒకడు గుమ్మం దగ్గర, ఒకడు ఆడవాళ్ల వైపుకి దగ్గరగా. మొదట ఒక్కడే అనాలి, మిగతావాళ్లు అందుకోవాలి. ఆ మొదటివాణ్ణి నేను. గడియారాల వాడి కొడుకుని కదా, నాకు లెక్క బాగా కుదిరింది. పాట ఆగగానే అనేస్తే దొంగతనం తెలిసిపోతుంది, మరీ ఆలస్యమైతే నటుడు తర్వాతి మాట అందుకుంటాడు. మనసులో టిక్కు టిక్కు అని లెక్కపెట్టుకుని సరిగ్గా అయిదో టిక్కుకి అనేవాణ్ణి. నిజం చెబుతున్నా, ఆ పాట నేనెప్పుడూ వినలేదు. ఎక్కడ ఆగుతుందా అని కాచుక్కూచోవడమే సరిపోయేది. వాద్యాలవాళ్లు స్టేజీ కింద గుంటలో కూర్చునేవాళ్లు, హార్మోనియం వాయించే బాబాయి వీపు మావైపు ఉండేది. ఎవరు అరుస్తున్నారో ఆయనకేం తెలుస్తుంది. మొదటిసారి వన్స్‌మోర్ పడ్డప్పుడు ఆ వీపు ఒక్కసారి నిటారుగా అయింది. అది మాత్రం చూశాను.

పది రోజులు చేశాం ఆ పని. పదకొండో రోజు కంట్రాక్టరు పాసులు వెనక్కి తీసుకున్నాడు. "ఇక మీరు అక్కర్లేదు బాబూ, జనం పట్టుకున్నారు" అన్నాడు. నేను నమ్మలేదు. నా అంతట నేను టికెట్టు కొనుక్కుని వెళ్లి గోడకానుకుని నిలబడ్డాను. పాట ఆగింది. అలవాటు కొద్దీ లెక్క మొదలుపెట్టాను. మూడో టిక్కుకే లేచింది హాలు. మా ఆరుగురిలో ఒక్కడు లేడు అక్కడ. ముసలివాళ్లు కూడా నిలబడి అడుగుతున్నారు, మళ్లీ పాడమని. నా పక్కన ఒకావిడ ఏడుస్తోంది, ఎవరావిడో కూడా తెలియదు. గుర్తుపెట్టుకో ఈ ముక్క, పది రోజులే మాది. తర్వాతదంతా జనానిది.

ఇక చూడాలి ఊరి సంబరం. ఏ కొట్టు ముందు చూసినా అదే మాట. మా నాన్న కొట్టయితే కోర్టే అనుకో. మందుల షాపాయన పొద్దున్నే షట్టరెత్తి, తాళం జేబులో వేసుకుని తిన్నగా మా కొట్టుకొచ్చేవాడు, "ఏడుసార్లు చూశానయ్యా, ఏడుసార్లూ గొంతులో ఏదో అడ్డం పడింది" అని. పోస్టుమాస్టరుకి ఒళ్లు మండేది. "గొంతులో అడ్డం పడితే నీ షాపులోనే మందుంది, వేసుకో. పాటన్నాక ఒక ముగింపుండాలి. నట్టేట్లో వదిలేసి పోవడం కూడా గొప్పేనా? ఒకడు అరిచాడని ఇంకొకడు అరుస్తున్నాడు, అంతకు మించి ఏం లేదక్కడ." ఆయనకేం తెలియదు పాపం, ఊరికే అన్న మాట. నాకు మాత్రం చేతిలో స్క్రూ జారి కింద పడేది. మా నాన్నని అడిగితే కంటికి పెట్టుకున్న భూతద్దం తియ్యకుండానే, "నాకు గడియారాలు తెలుసు, పాటలు తెలియవు, నన్నొదిలెయ్యండి" అనేవాడు. మా బాబాయి మాత్రం మారిపోయాడు. రెండు కొత్త చొక్కాలు కుట్టించుకున్నాడు. భోజనం దగ్గర నోరు విప్పి కూర మళ్లీ వెయ్యి వదినా అన్నాడు, మా అమ్మ గరిట పట్టుకుని అలాగే చూస్తుండిపోయింది. నలభై రెండేళ్లొచ్చాయి ఆయనకి, అప్పటిదాకా వీధిలో ఆయన్ని చూసి ఎవరూ పలకరించిన పాపాన పోలేదు. అడితీ పని మానేశాడు. కంట్రాక్టరు ఇంకో నాటకం ఒప్పజెప్పాడు, దానికి రెండు పాటలు కట్టేశాడు కూడా. కొంచెం నెత్తికెక్కిందిలే, ఎక్కదా మరి.

నేను అప్పుడు ఆయన దగ్గర హార్మోనియం నేర్చుకుంటున్నాను. ఏడాదై ఉంటుంది. నాకూ ఒక ఆశ ఉండేది, ఆయన పక్కన గుంటలో కూర్చోవాలని. ఎవరికీ చెప్పలేదు, ఆయనకి కూడా. వందో ఆట రోజు అనుకుంటా, పొద్దున్న కొట్లో అందరూ ఉన్నారు. మందుల షాపాయన నన్ను చూపించి, "మాస్టారూ, మీ తర్వాత మీ అన్న కొడుకే కదా" అన్నాడు, ఏదో మర్యాదకి. మా బాబాయి నవ్వాడు. ఎప్పుడూ నవ్వనివాడు నవ్వడం నేర్చుకున్నాడు కదా కొత్తగా. "వాడికి చెవి లేదండీ. వేళ్లున్నాయి, గడియారాలకి పనికొస్తాడు" అన్నాడు. అందరూ నవ్వారు. మా నాన్న కూడా నవ్వాడు. నాకు మొహం మాడిపోయింది. ఇప్పుడు తలుచుకుంటే అందులో తప్పేముంది, నిజమే అన్నాడు, నాకు చెవి లేదు, ఈ పెరట్లో పిట్ట కూస్తే మీ నాయనమ్మ చెప్పేది అది ఏ పిట్టో. కానీ ఇరవై ఏళ్లవాడికి నలుగురిలో అలాంటి మాట పడితే ఎలా ఉంటుంది చెప్పు.

అనేశాను. "చెవి లేని నేను వన్స్‌మోర్ అంటేనే కదా బాబాయ్ నీ పాట నిలబడింది" అన్నాను. మొదట ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యేదాకా ఆగకుండా మొత్తం చెప్పాను, పాసులూ, ఆరుగురమూ, ఎవరెక్కడ కూర్చునేదీ, ఎన్నో టిక్కుకి అనేదీ. పోస్టుమాస్టరు గెలిచాడు కదా, ఆయన కూడా నవ్వలేదు, గొడుగు తీసుకుని నిలబడ్డాడు. మా బాబాయి ఒక్కటే అడిగాడు. "రోజూనా?" అన్నాడు. చూడు, అక్కడ ఉంది నా పాపమంతా. పది రోజులే బాబాయ్ అంటే అయిపోయేది. రోషం మీద ఉన్నాను, ఇంకా ఎక్కడ తగులుతుందా అని చూస్తున్నాను. "రోజూ" అన్నాను. ఆయన చెప్పులు వేసుకుని మెల్లగా వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం హాలుకి వెళ్లాడు, వాయించాడు. పాట అలా దిగి ఆగీ ఆగకముందే తర్వాతి రంగం బాణీ అందుకున్నాడట, అరవడానికి సందే ఇవ్వలేదు. అయినా అరిచారట జనం, కుర్చీల మీద కొట్టారట. ఆయన ఆ అరుపుల మీదే వాయించుకుంటూ పోయాడట. ఎవరి గొంతు నమ్ముతాడు ఇంక, ప్రతి గొంతూ పాసుతో వచ్చిందే అనిపించి ఉంటుంది. వారం తిరక్కుండా మానేశాడు. కంట్రాక్టరు వచ్చి గదిలో కింద కూర్చుని పది రోజులే మాస్టారూ అని ఒట్టేశాడు. కంట్రాక్టరు మాట బాబాయి అసలే నమ్మడు, పాసులిచ్చిన మనిషే కదా. కొత్త నాటకానికి కట్టిన రెండు పాటలూ చింపేశాడు. మళ్లీ అడితీలో చేరాడు, పంతొమ్మిదేళ్లు దుంగలు కొలిచాడు. హార్మోనియం మంచం కిందికి పోయింది. నాతో మాట్లాడకుండా ఉన్నాడా అంటే అదీ లేదు. వాచీ ఆగిపోతే నాకే ఇచ్చేవాడు. ఆయాసంతో పోయాడు, నా చేతుల్లోనే పోయాడు.

ఏమిటీ, నిజం చెప్పొచ్చు కదా అంటావా. చెప్పకపోవడమేమిటే, ఆ మర్నాడే చెప్పాను. నీకు అసలు సంగతి ఇంకా చెప్పనే లేదు. ఆ రోజు కొట్టు మూశాక మా నాన్న నన్ను నిలబెట్టి అడిగాడు, నిజంగా రోజూనా అని. లేదు, పది రోజులే అన్నాను. చెయ్యెత్తాడు, కొట్టలేదు. "పొద్దున్నే వెళ్లి వాడికి చెప్పు. చెప్పేదాకా నాకు మొహం చూపించకు" అన్నాడు. తెల్లారగానే వెళ్లాను. బాబాయి గోడ అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు. ఒక చెంప అయింది, రెండోది ఇంకా కాలేదు. గుమ్మంలోనే నిలబడి చెప్పాను, బాబాయ్, రోజూ కాదు, పది రోజులే, తర్వాత అరిచిందంతా జనమే, నేను గోడ పక్కన నిలబడి చూశాను, ఒకావిడ ఏడ్చింది కూడా అన్నాను. అద్దంలోంచే నన్ను చూశాడు. కోపం లేదు మొహంలో. "మీ నాన్న అనమన్నాడా?" అన్నాడు. లేదు బాబాయ్, నా అంతట నేనే వచ్చానని చెబితే ఏం పోయేది. కానీ ముందురోజే అబద్ధమాడాను కదా, ఈ ఒక్క పూటా నిజమే చెప్పాలని గట్టిగా అనుకుని వెళ్లాను. అవునన్నాను. తలూపి, రెండో చెంపకి సబ్బు రాసుకున్నాడు.

సర్లే. మీ అన్నని కూడా పిలువు, అన్నాలు తినండి, చల్లారిపోతోంది.