పదండిగారి సొంత వీధి

పనులు మానుకుని వచ్చిన వార్డు ప్రజలకు, కౌన్సిల్ సభ్యులకు, ముందు వరసలో కూర్చున్న చెల్లెమ్మకు, ఆమె కూతురికి నమస్కారం. మన వార్డుకు ఏళ్ళ తరబడి కౌన్సిలర్‌గా ఉండి, తనంతట తానే తప్పుకున్న మనిషి పోయారు. ఫోటో ఈ బల్ల మీద ఉంది. ఆయన లేరు. ఈ మాటను ఇంతకంటే అందంగా చెప్పడం నాకు చేతకాదు.

నన్నెందుకు మాట్లాడమన్నారో నిర్వాహకులకే తెలియాలి. మాది ఒక పార్టీ కాదు, చుట్టరికమూ లేదు. ఆయన మీద పోటీ చేసిన ప్రతిసారీ ఓడిపోయాను. చివరికి పక్క వార్డుకు వెళ్ళి గెలిచి, కౌన్సిల్ హాల్లో ఆయనకు ఎదురు బెంచీలో కూర్చున్నాను. అంచేత నా దగ్గర పొగడ్తలు తక్కువ. కళ్ళతో చూసింది చెబుతాను.

ఆయన్ని ఎవరైనా పేరు పెట్టి పిలిచారా? లేదు. చిన్నా పెద్దా అందరికీ ఆయన పదండిగారే. ఎందుకు? ఇంటికొచ్చి ఎవరు ఏ ఫిర్యాదు మొదలుపెట్టినా ఆయన పూర్తిగా వినేవారు కాదు. చెప్పులు వేసుకునేవారు. “పదండి, చూద్దాం” అనేవారు. అంతే. ఎండైనా వానైనా చెప్పినవాడు ముందు నడవాలి, వెనక ఆయన నడిచేవారు. ఈ పద్ధతి వల్ల వార్డులో సగం ఫిర్యాదులు పుట్టకముందే పోయాయి. నడవడానికి బద్ధకించి జనం నిజాలే చెప్పడం నేర్చుకున్నారు.

మన దర్జీ ఇక్కడే ఉన్నాడు, నవ్వుతున్నాడు కూడా. పక్కింటి మురుగు కంపు భరించలేకపోతున్నానని ఒకరోజు ఆయన దగ్గరికి వెళ్ళాడు. పదండిగారు వచ్చారు. కాలువ పక్కన రెండు కుర్చీలు వేయించారు. పొద్దుటి నుంచీ ఇద్దరూ కూర్చున్నారు. కంపు రాలేదు. మధ్యాహ్నానికి దర్జీకి ఆకలేసి అసలు సంగతి బయటపెట్టాడు. పక్కింటాయన బట్టలు కుట్టించుకోవడానికి వేరే దుకాణానికి వెళుతున్నాడట. పదండిగారు కోప్పడలేదు. లేచి, పక్కింటి తలుపు తట్టి, ఆ కుర్చీల్లోనే వాళ్ళిద్దరినీ కూర్చోబెట్టి, తను భోజనానికి వెళ్ళిపోయారు.

ఇంకొకటి చెబుతాను. మంచినీళ్ళ కొత్త పైపు ఏ వీధి నుంచి మొదలుపెట్టాలని కౌన్సిల్లో పెద్ద రభస అయింది. ఛైర్మన్‌ పదండిగారి పార్టీ మనిషే. తన బావమరిది వీధితో మొదలుపెడదామన్నాడు. నీళ్ళు అసలు అందని ఎగువ వీధులతో మొదలుపెట్టాలని మేం పట్టుబట్టాం. ఓటింగు పెట్టారు. పదండిగారు మాతో పాటు చెయ్యెత్తారు. మేం గెలిచాం. నేను పొంగిపోయి టీ తాగుదాం రమ్మన్నాను. ఆయన రాలేదు. “నేను నీళ్ళకోసం చెయ్యెత్తాను, మీకోసం కాదు” అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఇప్పుడు తలుచుకున్నా కొంచెం మండుతుంది.

ఇక, ఇందాకటి నుంచి ఈ వేదిక మీద అందరూ చెబుతున్న మాట దగ్గరికి వస్తాను. వార్డులో అన్ని వీధులకూ రోడ్లు వేయించి, తన వీధిని మాత్రం ఆఖరున పెట్టుకున్న త్యాగమూర్తి అన్నారు. ఈ హాలు గోడకు పెట్టబోయే రాతిపలక మీద ఆ మాటే చెక్కిస్తామన్నారు. చప్పట్లు కొట్టారు.

నేను కొట్టలేదు.

అయ్యా, త్యాగం చేసింది ఎవరు? ఆయన పొద్దున్నే ఇల్లు వదిలేవారు. ఆ వీధి గుంటల్లో రోజంతా నడిచింది ఎవరు? ప్రతి ఏడూ ఆయన వీధి దాకా వచ్చేసరికి పని ఆగిపోయేది. ప్రతి ఏడూ ఆయన సరే అనేవారు. ఒక వానాకాలం పొద్దున ఆయన భార్య, ఈ చెల్లెమ్మ, కూరగాయల సంచితో ఇంటి ముందే జారిపడింది. తుంటి విరిగింది. ఆ సమయానికి పదండిగారు ఎక్కడున్నారు? వార్డు ఆ చివర, ఎవరిదో వీధి దీపం వెలగడం లేదంటే చూడటానికి వెళ్ళారు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఆమెను ఆసుపత్రికి చేర్చారు.

నేను చూడటానికి వెళ్ళాను. ఆయన కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. ఆమె నాతో ఒక మాట అంది. “నేను కూడా ఒక ఫిర్యాదు పట్టుకెళ్ళాల్సింది అన్నయ్యగారూ. అప్పుడైనా నాతో వచ్చేవారు.” ఆయన ఇటు తిరగలేదు.

తర్వాతి ఎన్నికల్లో ఆయన నిలబడలేదు. వయసైపోయిందన్నారు కొందరు, పార్టీ పక్కన పెట్టిందన్నారు ఇంకొందరు. నేను వెళ్ళి అడిగాను. ఆయన చెప్పింది ఒకటే. “మా ఆవిడ కూడా నా వార్డు ఓటరే. అది మర్చిపోయాను.”

ఆ తర్వాత ఆయన ఏం చేశారో ఇప్పటి కౌన్సిలరమ్మకు తెలుసు. ఫిర్యాదులు తీసుకునే రోజున అందరితో పాటు వరసలో నిలబడ్డారు. కౌన్సిలరమ్మ కంగారుపడి కుర్చీ వేయించింది. ఆయన కూర్చోలేదు. మా ఇంట్లో ఒక మనిషి గడప దాటలేకపోతోంది, వచ్చి చూడమని అడిగారు. ఈసారి ఆయన ముందు నడిచారు, కౌన్సిలరమ్మ వెనక నడిచింది. రోడ్డు పడింది. అప్పటినుంచి రోజూ సాయంత్రం ఆ రోడ్డు మీద ఆయన చెల్లెమ్మ చెయ్యి పట్టుకుని, ఆమె ఎంత నెమ్మదిగా నడిస్తే అంత నెమ్మదిగా నడిచేవారు. దారిలో ఎవరైనా ఫిర్యాదు చెప్పబోతే కౌన్సిలరమ్మ దగ్గరికి పంపేవారు.

కమిటీ వారిని ఒకటే అడుగుతున్నాను. ఆ మాట చెక్కించకండి. అది ఆయన గొప్ప కాదు, ఆయన తప్పు. తప్పని ఆయనే ఒప్పుకున్నారు, దిద్దుకున్నారు. ఆ దిద్దుకున్న మనిషంటే నాకు గౌరవం. నేను ఓడిపోయింది ఆయన చేతిలో అని చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. పొద్దున లేస్తే పోట్లాడటానికి ఆయన లేరన్నది మాత్రం బాధగా ఉంది. రాతి మీద ఏం రాయాలో ఈ చెల్లెమ్మను అడగండి. ఏమీ వద్దంటే ఏమీ రాయకండి.

ఇక మాటలు చాలు. ఫోన్లు ఆపి అందరూ లేవండి. కాసేపు ఏమీ మాట్లాడకుండా ఆయన్ని తలుచుకుందాం.

నువ్వు లేవకమ్మా, కూర్చో. మేం నిలబడతాం.