గడ్డి మిషనూ, మా నాగమ్మక్కా

“జేజీ, సత్రంలో గడ్డి కోసే మిషను తెచ్చిన కొత్తల్లో నీకూ నాగమ్మ పెద్దజేజికీ మాటలు లేవంట కదా? మొదట్నించి చెప్పు, ఫోన్లో రికార్డు చేసుకుంటా.”

ఎవురు చెప్పినారు నీకు, మీ అమ్మనా? చెప్తాది, చెప్తాది. నిజమే లేమ్మే, అబద్ధం యాలాడాల. ఆ ఫోను రోంత దూరం పెట్టు, నాది పెద్ద గొంతు. పెట్టినావా? ఊ.

మహానందిలో మేం పనిచేసే సత్రం నువ్వు చూసినావు కదా. ముందర అంత పొడుగున గడ్డి, లాను అంటారు. గుడి గుండాల్లో ఊట నీళ్లు బయటికి పారతానే ఉంటాయి, ఆ కాలవ నీళ్లే సత్రానికీ వస్తాయి. అందుకే నడి ఎండాకాలంలో గూడా పచ్చగుంటాది. మా పుట్టినిల్లు పత్తికొండ తట్టు కదా, ఆడ ఎండాకాలం వస్తే గొడ్డుకు ఒక పోచ దొరికేది కాదు. మా నాయన చొప్ప కోసం బండి కట్టుకోని ఊరూరు తిరుగుతాండె. నేను పెండ్లయి ఈడికొచ్చినాక ఆ గడ్డిని చూసి, ఇంత గడ్డి పెంచి దీని మింద ఒక గొడ్డును గూడా ఇడవరా అని మీ తాతను అడిగినా. ఎంత నవ్వినాడో! వచ్చిపోయేవాళ్లు కూచునేదానికంట, పిల్లోళ్లు పొర్లేదానికంట. ఆ మనిషి నవ్వితే మీసాలు గూడా నవ్వేవి... సరే, ఏం చెప్తాంటి? ఆ, గడ్డి.

ఆ గడ్డి కోసేది మేమిద్దరమే, నేనూ నాగమ్మక్కా. మీ తాతకు అన్న ఉండె కదా, ఆయన పెండ్లాం. నాకు తోడికోడలు. కొడవండ్లు పట్టుకోని, గొంతుక్కూచోని, పొద్దన్నే మొదలుపెడితే మాపుసారి దంక కోస్తాంటిమి. ఈ మూల నుంచి కోసుకుంటా ఆ మూలకు పోయేసరికి, ఈ మూల మళ్ల లేచి నిలబడి మమ్మల్ని చూసి ఎక్కిరిస్తాండె. మోకాళ్లు పట్టుకుంటే లేసేదానికి గోడ కావాల. ఈ వేలు చూడు, ఈ గీత కొడవలిదే. కోసిన గడ్డి మాత్రం మూట కట్టుకోని ఇంటికి తెచ్చుకుంటాంటిమి, ఎనుముకు. అదొకటి బాగుండె.

మాటలు యాల పోయినాయంటే... నవ్వుతావు నువ్వు. మీ పెదనాయన శీనుగాని పెండ్లి, నాగమ్మక్క కొడుకు. మాకు ఒకటే గోడ, ఆ పక్క వాళ్లు, ఈ పక్క మేము. ఊరంతా కుంకుమ బరిణె పట్టుకోని తిరిగి బొట్టు పెట్టి పిలిచింది నాగమ్మక్క. నా దగ్గరికి మాత్రం రాలేదు. ఎవురో పిల్లతో చెప్పంపింది, ‘అవ్వ రమ్మనింది’ అని. నాకు ఒళ్లు మండిపాయె. పక్కింటి మనిషిని, సొంత తోడికోడల్ని, నాకు బొట్టు లేదా? పోలేదు నేను. మీ తాత పొయ్యొచ్చినాడు, నేను పోలేదు. అంతే, ఆ పొద్దు నించి మాట లేదు. నాలుగైదేండ్లు!

కానీ పని ఒకటే కదా, యాడికి పోతాము? ముందర ఇద్దరం ఒకే మూల నించి మొదలుపెడతాంటిమి. ఆ తర్వాత ఆమె గేటు తట్టు నించి, నేను వంటింటి తట్టు నించి. నడిమధ్యలో ఎదురు పడితే ఆమె అటు తిరిగేది, నేను ఇటు తిరిగేదాన్ని. వాచ్‌మన్ మాబాషా అని ఉండె, మంచోడు. వాన్ని నడిమిన పెట్టుకోని మాట్లాడతాంటిమి. ‘మాబాషా, ఆ యమ్మకు చెప్పు, సానరాయి ఇమ్మని.’ ఆ యమ్మ నా ముందరే ఉంటాది! వాడు చెప్తాడు. ‘మాబాషా, ఆ యమ్మకు చెప్పు, బండ మిందే ఉండాది కండ్లు కనపడలేదా అని.’ అది గూడా చెప్తాడు పాపం. ‘ఏమమ్మా, నన్ను టెలిఫోన్ చేసినారే మీరు’ అనేవాడు.

ఆ కాలంలోనే మేనేజరు శెట్టి ఈ మిషన్ల మింద పడినాడు. మొదట పెట్రోలుది తెచ్చినాడు, భుజానికి తగిలిచ్చుకునేది. నంద్యాల నించి ఎవురో మనిషి వచ్చి తిప్పినాడు. ఏం మోత, ఏం పొగ! గదుల్లో నిద్రపోయేవాళ్లంతా బయటికొచ్చి కొట్లాటకు దిగినారు. రాయి ఎగిరి కిటికీ అద్దం గూడా పగిలె. దాన్ని ఒక్కతూరితోనే అటకెక్కించినారు.

మళ్ల కరెంటుది తెచ్చినాడు. అది తోపుడు బండి మాదిరుండె. నాలుగు చక్రాలు, కింద కత్తి, పైన పిడి. పిడి కాడ మీట అదిమి పట్టుకుంటే తిరుగుతాది, ఇడిస్తే ఆగిపోతాది. మోత లేదు, పొగ లేదు. నిలబడి తోసుకుంటా పోయేదే! నడుం వంచే పని లేదు. కానీ దానికి పాము మాదిరి పొడుగు వైరు. ప్లగ్గు వరండాలో, మిషను గేటు కాడ. శెట్టి ఏమన్నాడంటే, ‘సుబ్బమ్మా, నువ్వు తొయ్యి. నాగమ్మా, నువ్వు వెనకాల వైరు పట్టుకోని నడువు, కత్తి కింద పడకుండా చూసుకో’ అని.

మాట లేని మనుషులం, నా ప్రాణం ఆమె చేతిలో!

తోస్తాండా. వెనకాల ఆమె వస్తాంది. వైరు ఎటుండాదో నేను అడగను, ఆమె చెప్పదు. ఒక వరస పోయినాం, రెండో వరస... యాడో తిరుక్కునే తావున, నేను ఎటు తిరుగుతానో ఆమెకు తెలియలేదు, వైరు ఎటుండాదో నాకు తెలియలేదు. టప్పుమనింది! మెరుపు మెరిసినట్లు మెరిసింది. సత్రమంతా కరెంటు పాయె.

‘సుబ్బీ!’ అని ఒక కేక. ఆ కేక ఇప్పుడు గూడా నా చెవుల్లో ఉండాది. వైరు ఆడ పారేసి ఉరుక్కుంటా వచ్చింది మా అక్క. మిషను దగ్గర్నించి నన్ను యీడ్చి, నా రెండు చేతులూ పట్టుకోని, తిప్పి తిప్పి చూసింది. వేళ్లు ఒకటొకటే మడిచి చూసింది. ‘ఏమన్నా అయిందేమ్మే? నొప్పుండాదా? మాట్లాడు సుబ్బీ’ అంటాంది. ఏమీ కాలేదు నాకు. రోంత బెదిరినా, అంతే. కానీ నాకు ఏడుపొచ్చె. ‘ఏం కాలేదక్కా’ అన్న్యా. అక్కా అని నోట్లోకి ఎట్ల వచ్చిందో, వచ్చేసింది.

శెట్టి అరుచుకుంటా వచ్చినాడు, లోపల ఫ్యాన్లు ఆగిపోయినాయి, నీళ్లు కాగలేదు అని. ‘తప్పు నాది సామీ, వైరు నేనే ఇడిచినా’ అంటాది అక్క. ‘కాదు సామీ, నేనే అడ్డదిడ్డంగా తిప్పినా’ అంటా నేను. ఆయప్ప ఇద్దరి మొగాలూ చూసి, ఎవుర్ని తిట్టాలో తెలీక, మాబాషాను తిట్టి పాయె.

కొత్త వైరు వేసినారు. అప్పట్నించి ఆమె చెప్పకుండా నేను అడుగెయ్యను. ‘ఆగు’, ‘ఎడం పక్క’, ‘ఊ, పో’. మొదట ఈ మాటలే. నాలుగు దినాలు పోయినాక ‘ఏం కూర చేసినావు’ దంక వచ్చినాం. ఒక దినం బువ్వ తినేటప్పుడు, కానుగ చెట్టు కింద, ఆ పెండ్లి మాట తనే ఎత్తింది.

‘ఇంటి మనిషికి బొట్టు పెట్టి పిలిచేదేంది అనుకుంటిని సుబ్బీ. నువ్వొచ్చి అన్నీ ఎత్తుకోని చేస్తావనుకుంటి. పెండ్లి పొద్దంతా వాకిలి తట్టే చూస్తాంటి.’

‘నేను కొత్త చీర కట్టుకోని, తల దువ్వుకోని, గడప కాడ కూచోనుంటి అక్కా. ఇప్పుడొస్తాది, ఇప్పుడొస్తాది అని. మేళం గూడా నాకు వినపడతాంది’ అని చెప్పినా.

ఇంగ చూస్కో... ఇద్దరం కండ్లు తుడుచుకునేది, నవ్వేది. మాబాషా వచ్చి, ‘ఏమమ్మా, నా ఉద్యోగం పాయెనా’ అన్నాడు.

ఊ? ఆ, ఇప్పుడుండేదా? ఇది బ్యాటరీది. మొన్న మొన్న తెచ్చినారు, రెండేండ్లయిందో ఏమో. వైరు లేదు, ఏం లేదు. సెల్లుఫోను మాదిరి రాత్రి చార్జింగు పెడితే పొద్దన్నే తయారు. బో తేలిక మే! కొడవండ్లతో వారం దినాలు చేసే పని ఎండ ఎక్కేలోపల అయిపోతాది. నిజం చెప్తాండా, ఇప్పుడు నేను గోడ పట్టుకోకుండానే లేస్తాండా.

కానీ అది తెచ్చిన దినం ఏమైందనుకున్నావు? శెట్టి అట్టపెట్టె ఇప్పతా ఇప్పతా, ‘ఇంగ వైరు పట్టేపని లేదు, దీనికి ఒక మనిషి చాలు కదా’ అన్నాడు. ‘నాగమ్మకు మోకాళ్ల నొప్పులు, ఇంటికాడ కూచుంటే బాగుంటాది’ అన్నాడు. మంచికే అన్నాడు, చెడ్డోడేం కాదు. కానీ అక్క మొగం చూడాల. మీ పెద్దతాత పోయినాక ఆమెకు ఇల్లంటే భయం, పొద్దు పోదు ఆడ. కొంగు సర్దుకుంటాంది.

నాకు నోరు ఆగలేదు. ‘పొయ్యేటట్లయితే ఇద్దరం పోతాము సామీ. ఈ మిషను మీరే తోసుకోండి’ అన్న్యా. అనేసినాక తెలిసొచ్చె. పని పోతే ఎట్ల? మీ నాయనకు గూడా అప్పుడు పని లేదు.

అక్క ఏం చేసిందంటే, గమ్మున పొయ్యి రెండో పెట్టె ఇప్పింది. దాంట్లో ఇంగో మిషను ఉండె, రంపం మాదిరి పొడుగ్గా, పండ్లు పండ్లుగా. గేటు పక్కన గోడ మాదిరి పెంచినారే చెట్లు, వాటిని సమానంగా కత్తిరిచ్చేది. దానికి ముందర బయట నించి మనిషిని పిలిపిస్తాండ్రి. ‘ఇది ఎవురు తిప్పుతారు సామీ?’ అనింది అక్క. ‘నిలబడి చేసే పనే కదా. మోకాళ్లకేమి, చేతులకు నొప్పుల్లేవు నాకు.’

ఇయ్యమని తీసుకుంది మే! ఎప్పుడూ మిషను ముట్టని మనిషి. శెట్టి పక్కనే నిలబడి, యాడ పట్టుకోవాల, యాడ నొక్కాల అని చూపించినాడు. గుర్రుమంటే ముందు ఉలిక్కిపడింది, మళ్ల పండ్లు కరుచుకోని పోనిచ్చింది. మొదటి దినం ఆ చెట్లు ఎట్లయినాయంటే, ఈడ గుంత, ఆడ మిట్ట, ఒంటె వీపు మాదిరి. శెట్టి నవ్వి నవ్వి తుండుగుడ్డతో మొగం తుడుచుకున్నాడు. ‘సరే లేమ్మా, ఇంగో రెండుతూర్లు పోతే చేయి కుదురుతాది, రేపట్నించి రా’ అన్నాడు. ఇప్పుడు చూడు పొయ్యి, గీత గీసినట్లుంటాయి. యాత్రకొచ్చినోళ్లు ఆడ నిలబడి ఫోటోలు తీసుకుంటాండారు. ఆమెకు శానా గర్వం దాంతో.

అయితే ఆ రెండు మిషన్లకీ బ్యాటరీ ఒకటే. నేను గడ్డి కోసేటప్పుడు ఆమె కానుగ చెట్టు కింద కూచుంటాది. నాది అయినాక బ్యాటరీ తీసి ఆమెకిస్తా, నేను కూచుంటా. కూచున్నోళ్లు ఊరికే ఉంటామా? అది చెప్పి ఇది చెప్పి, నీ ఉద్యోగం సంగతి గూడా ఆడే చెప్పుకున్నాం. మొన్న శెట్టి పాపం, ‘ఇంగో బ్యాటరీ తెప్పిస్తా, ఇద్దరూ ఒకేతూరి చేసుకోని బిన్నే ఇంటికి పోవచ్చు’ అన్నాడు. మేమిద్దరం ఒకటే మాట, ‘వద్దు సామీ, వద్దు!’ ఆయప్పకు ఇప్పటికీ అర్థం కాలేదు, యాల వద్దన్నామో.

నువ్వు నర్సు పనిలో చేరతాండావు, దినమంతా నిలబడే పని. నడుం నొయ్యకుండా, పక్కన ఒక మాట కలిపేదానికి మంచి మనిషి దొరికేటట్లు ఆ మహానందీశ్వరుడు చూడాల తల్లీ. సల్లగుండు. ఇంగ ఆపు దాన్ని... ఆపినావా? ఏందీ, ఇంగా ఎర్రలైటు వెలుగుతానే ఉండాదే...