చెరువులో షెడ్డు

భోజనాల వేళ కావడంతో సర్వే ఆఫీసు ఖాళీగా ఉంది. పటాలు గీసే బావ కంప్యూటరు ముందు కూర్చున్నాడు. వెల్డింగు షెడ్డు నడుపుకునే బావమరిది అతని భుజం మీదుగా తెరలోకి తొంగిచూస్తున్నాడు.

“రోడ్డుకు స్థలాలు తీసుకుంటామని మా వీధిలో అందరికీ నోటీసులొచ్చాయి బావా. నాకొక్కడికే రాలేదు. అదృష్టమంటావా?”

“ఇదుగో నీ అదృష్టం. నీ షెడ్డు చెరువు మధ్యలో ఉంది.”

“చెరువులోనా! మరి ఇన్నాళ్ళూ నేను గేట్లు చేసింది చేపలకా?”

“ఆగరా. మీ వీధి కొలతలన్నీ శాటిలైట్ లెక్కలో ఉన్నాయి. చివరనున్న నీ స్థలం ఒక్కటే పాత పటంలోంచి ఎక్కించారు. ఆ పాత లెక్కలో దూరాలు కొలవడం మొదలుపెట్టే చోటే వేరు.”

“మరి కొత్త లెక్కలోకి మార్చలేదా?”

“లెక్క పేరు మార్చారు, అంకెలు అలాగే వదిలేశారు. సీసా మీద చీటీ మార్చి, లోపల మందు కూడా మారిందనుకున్నారు. ఇలాంటి పనికే ఇక్కడ జీతాలు.”

“ఇప్పుడేం చేస్తావు?”

“ముందు పాత పేరు తిరిగి పెట్టి, ఆ తర్వాత అంకెల్నే మార్పించాలి. చూడు, నీ షెడ్డు చెరువులోంచి కదిలింది.”

“అబ్బ, గట్టెక్కాను! అదేమిటి బావా, షెడ్డు నడుమ నుంచి పోతున్న ఆ ఎర్రగీత?”

“కొత్త రోడ్డు.”

“అంటే నాకూ నోటీసొస్తుందా?”

“రాక తప్పదు.”

“నీకు దణ్ణం పెడతాను, నన్ను మళ్ళీ చెరువులోకి తోసెయ్.”

“తోసేస్తాను, నాదేం పోయింది! బుల్డోజరు మాత్రం నా తెర చూసి రాదు, నీ గుమ్మంలోకే వస్తుంది. అప్పుడు నువ్వు పరిహారమడిగితే, అక్కడ చెరువే ఉంది పొమ్మంటారు.”

బావమరిది ఆ ఎర్రగీతను వేలితో చెరపబోయి ఆగాడు.

“సరేలే, గట్టు మీదే ఉండనీ.”